గోత్‌లు ఎక్కడి వాళ్ళు? ఎందుకు కదిలారు?

క్రీ.శ. 408లో రోమ్ నగరం ఆకలితో అల్లాడిపోయింది. గోత్‌ల నాయకుడు అలారిక్ నగరాన్ని చుట్టుముట్టి, టైబర్ నది మీదుగా వచ్చే ధాన్యపు పడవలను ఆపేశాడు. ముట్టడి ఎత్తివేయాలంటే ఏమివ్వాలో కూడా తేల్చి చెప్పాడు. ఆ పద్దు జోసిమస్ అనే గ్రీకు చరిత్రకారుడి పుణ్యమా అని మనకు మిగిలింది. 5,000 పౌన్ల బంగారం, 30,000 పౌన్ల వెండి, 4,000 పట్టు అంగీలు, ఎర్రరంగు అద్దిన 3,000 తోళ్ళు, చివరగా 3,000 పౌన్ల మిరియాలు.

రోమన్ల పౌను మన లెక్కలో 327 గ్రాములు. అంటే పది క్వింటాళ్ళకు కాస్త తక్కువ మిరియాలు. అప్పట్లో రోమ్ తినే మిరియాలు మన మలబారు తీరం నుంచే వెళ్ళేవి. ఓడల్లో అరేబియా సముద్రం, ఎర్రసముద్రం దాటి, ఈజిప్టు మీదుగా రోమ్ గిడ్డంగులకు చేరేవి. చరిత్రలో మొదటిసారి బాల్టిక్ సముద్రపు ఒడ్డున పేరు వినిపించిన ఒక జనం, మూడు వందల ఏళ్ళ తర్వాత రోమ్ వాకిట్లో నిలబడి మలబారు మిరియాలు తూచి ఇమ్మని అడిగింది. అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చారు? ఎందుకు వచ్చారు? ఆ వచ్చినవాళ్ళు, మొదట బయలుదేరినవాళ్ళు ఒకటేనా? ఈ మూడో ప్రశ్న చాలామంది అడగరు. నా దృష్టిలో అసలు కిటుకంతా అందులోనే ఉంది.

మొదటి జాడ ఎక్కడ?

క్రీ.శ. 98లో రోమన్ రచయిత టాసిటస్ జర్మన్ తెగల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో గోతోన్లు అనే జనం ప్రస్తావన ఉంది. మిగతా జర్మన్ తెగల కంటే వీళ్ళ మీద రాజుల అదుపు కాస్త ఎక్కువనీ, అయినా స్వేచ్ఛను అణచేసేంత కాదనీ అన్నాడు. ఆ తర్వాతి శతాబ్దంలో భూగోళ శాస్త్రవేత్త టోలెమీ వీళ్ళను విస్తులా నదికి తూర్పున చూపించాడు. అది నేటి పోలండ్ ఉత్తర భాగం, గ్డాన్స్క్ పరిసరాలు.

రాతపూర్వకంగా దొరికే తొలి ఆధారాలు ఇలాంటివే. వీటిలో ఎక్కడా గోత్‌లు ఓడలెక్కి వచ్చినట్టు లేదు. అయితే బాల్టిక్‌కు అవతలి ఒడ్డున స్వీడన్‌లో గోట్లాండ్ అనే ద్వీపం ఉంది, దక్షిణ స్వీడన్‌లో యోతాలాండ్ అనే ప్రాంతం ఉంది. ఈ పేర్లూ గోత్‌ల పేరూ ఒకే ధాతువు నుంచి పుట్టాయని భాషావేత్తలు చెబుతారు. పోయడం, ప్రవహించడం అనే అర్థమున్న క్రియకు ఆ ధాతువుతో చుట్టరికం ఉంది. పేర్లు కలిసినంత మాత్రాన మనుషులు కలిసినట్టు కాదు. అయినా వెతకాల్సిన దిక్కు ఏదో ఆ పేర్లు చెబుతున్నాయి.

మూడు ఓడల కథ ఎవరు చెప్పారు?

జోర్డనేస్ చెప్పాడు. క్రీ.శ. 551 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో కూర్చుని ఆయన గోత్‌ల చరిత్ర రాశాడు. దానికి ఆధారం కాసియోడోరస్ అనే రోమన్ మంత్రి అంతకు ముందు రాసిన పన్నెండు సంపుటాల గ్రంథం. ఆ గ్రంథాన్ని కాసియోడోరస్ ఇంటి నిర్వాహకుడు తనకు చదువుకోవడానికి మూడు రోజులు ఇచ్చాడని, మాటకు మాట గుర్తులేకపోయినా సారం గుర్తుందని జోర్డనేసే ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ పన్నెండు సంపుటాలూ ఇప్పుడు లేవు. మూడు రోజుల చదువు మీద నిలబడిన ఈ ఒక్క పుస్తకమే మిగిలింది.

కథ ఇది. ఉత్తరాన స్కాండ్జా అనే ద్వీపం. అక్కడి నుంచి బెరిగ్ అనే రాజు మూడు ఓడల్లో తన జనంతో బయలుదేరి బాల్టిక్ దక్షిణ తీరంలో దిగాడు. మూడు ఓడల్లో ఒకటి వెనకబడింది. అందులోని వాళ్ళకు మందకొడివాళ్ళనే అర్థంలో గెపిడ్‌లని పేరు పడింది. కొన్ని తరాలు గడిచాక జనం బాగా పెరిగారు. అప్పుడు ఫిలిమెర్ అనే రాజు అందరినీ ఇల్లూవాకిలీతో సహా కదిలించి, సిథియా దేశంలో ఓయుమ్ అనే సారవంతమైన నేలకు నడిపించాడు. దారిలో ఒక నది మీద వంతెన దాటుతుండగా సగం మంది అవతలికి చేరేసరికి అది కూలిపోయింది. చుట్టూ అడుగు పెడితే ఊగే బురదనేల. వెనక ఉన్నవాళ్ళు ముందుకు రాలేరు, ముందున్నవాళ్ళు వెనక్కు పోలేరు. ఇప్పటికీ ఆ దారిన పోయేవాళ్ళకు దూరం నుంచి పశువుల అంబారవాలు వినిపిస్తాయట.

చదివినవాళ్ళెవరూ ఆ వంతెనను మరిచిపోలేరు. కట్టుకథైనా సరే, వలస అంటే ఏమిటో తెలిసిన జనం చెప్పుకున్న కథ అది. వలసలో సగం ఎప్పుడూ వెనకే ఉండిపోతుంది.

నమ్మవచ్చా అంటే, జాగ్రత్తగా నమ్మాలి. జోర్డనేస్ లెక్క ప్రకారం ఈ ప్రయాణం క్రీస్తు పూర్వం పదిహేనో శతాబ్దంలో జరిగింది. అది అసాధ్యం. గెటే అనే వేరే ప్రాచీన జాతి పేరు గోత్‌ల పేరులా వినిపించడంతో, వాళ్ళ రాజుల్నీ యుద్ధాల్నీ కూడా గోత్‌ల ఖాతాలో వేసేశాడు. పైగా కాసియోడోరస్ రాసింది ఇటలీని ఏలుతున్న గోత్ రాజుల కోసం. ఆ రాజవంశానికి పదిహేడు తరాల వంశవృక్షం చూపించి, వీళ్ళూ రోమన్ల అంత పాతవాళ్ళేనని నిలబెట్టడం ఆయన పని. రాజ్యం చేతికొచ్చాక పుట్టుక కథ కావాల్సి వచ్చింది.

మరి మట్టి ఏం చెబుతోంది?

పోలండ్‌లో మాల్‌బోర్క్ పట్టణం పక్కన వీల్‌బార్క్ అనే ఊరుంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఒక పురాతన శ్మశానం బయటపడింది. అదే తీరులో పాతిపెట్టిన శ్మశానాలు ఆ ప్రాంతంలో ఇంకా ఎన్నో దొరికాయి. పురావస్తు శాస్త్రవేత్తలు ఆ తీరుకు వీల్‌బార్క్ సంస్కృతి అని పేరు పెట్టారు. ఆ సంస్కృతి క్రీస్తు శకం తొలి శతాబ్దంలో మొదలైంది.

అక్కడి సమాధి ఒకటి తెరిచి చూస్తే మొదట కనిపించేది, అందులో లేనిది. కత్తి లేదు, ఈటె లేదు, డాలు లేదు. పొరుగు తెగల మగవాళ్ళ సమాధుల్లో ఆయుధాలుంటాయి, వీళ్ళు పెట్టలేదు. ఇనుప వస్తువులు కూడా చాలా అరుదు. ఆడవాళ్ళ సమాధుల్లో మాత్రం భుజాల దగ్గర బట్టను పట్టి ఉంచే కంచు సూదులు, ఎస్ ఆకారపు కొక్కేలు, కొసలు పాము తలల్లా ఉండే కంకణాలు, తీరం నుంచి ఏరిన అంబర్ పూసలు ఉంటాయి. ఒకే శ్మశానంలో కొందరిని కాల్చారు, కొందరిని పూడ్చారు. రోమన్ల చేతుల్ని వణికించిన జనం తమ చనిపోయినవాళ్ళ పక్కన ఒక్క ఆయుధం కూడా పెట్టలేదన్న సంగతి తెలిసినప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు.

ఇంకొన్ని చోట్ల, ముఖ్యంగా ఓద్రి, వెన్‌షోరి అనే ఊళ్ళ దగ్గర అడవుల్లో, నిలువు రాళ్ళను వలయాలుగా పాతారు. ఇలాంటి రాతి వలయాలు స్కాండినేవియాలో ఉన్నాయి. మూడు ఓడల కథకు ఇది బలం. కానీ మరో సంగతి దానికి ఎదురు నిలుస్తుంది. ఈ శ్మశానాల్లో చాలావాటిలో అంతకు ముందు నుంచే, ఓక్‌సివియే అనే పాత స్థానిక సంస్కృతి కాలం నుంచే, పాతిపెట్టడం జరుగుతోంది. ఉన్నవాళ్ళు వెళ్ళిపోయి కొత్తవాళ్ళు వచ్చి ఉంటే ఇలా కొనసాగదు.

ఎముకల్లోని డీఎన్‌ఏను చదవడం వచ్చాక చర్చ కొంత తేలింది. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, వీల్‌బార్క్ జనంలో చాలామంది జన్యువులు ఆ కాలపు స్కాండినేవియన్లకు దగ్గరగా ఉన్నాయని తేలింది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే క్రోమోజోమ్‌లో, స్కాండినేవియాలో విస్తారంగా కనిపించే ఒక శాఖ వీళ్ళలోనూ ఎక్కువగా కనిపించింది.

కాబట్టి నా తీర్పు ఇది. సముద్రం దాటి మనుషులు వచ్చారు, సందేహం లేదు. ఒక ఉదయం మూడు ఓడల్లో వచ్చి దిగలేదు. తరం తర్వాత తరం, కొన్ని కుటుంబాలు, కొంతమంది యువకులు వచ్చి, అక్కడున్న వాళ్ళతో కలిసి, వాళ్ళ శ్మశానాల్లోనే తమ వాళ్ళనూ పాతిపెట్టుకున్నారు. గోత్ అనే పేరు ఆ కలయికకు దక్కింది.

నల్ల సముద్రం వైపు ఎందుకు దిగారు?

జోర్డనేస్ చెప్పిన కారణం జనం పెరగడం. గోట్లాండ్ ద్వీపంలో పదమూడో శతాబ్దంలో రాసిన గూతాసాగాలోనూ అదే మాట ఉంది. తిండి చాలక ప్రతి ముగ్గురిలో ఒకరిని చీట్లు వేసి ద్వీపం వదిలి పొమ్మన్నారని అందులో చెప్పారు. కారణం నిజమే కావచ్చు. కానీ తిండి చాలనివాడు ఏ దిక్కుకైనా పోవచ్చు కదా, వీళ్ళు ఆగ్నేయానికే ఎందుకు పోయారు?

జవాబు రోమన్ సరిహద్దులో ఉంది. సామ్రాజ్యం అంచున బతికే తెగలకు వ్యాపారం, రోమన్ వెండి నాణేలు, చక్రవర్తులు పంపే కానుకలు, సైన్యంలో కొలువులు అందేవి. దూరాన ఉన్నవాళ్ళకు వాటి సంగతి వినడమే తప్ప అందేవి కావు. బాల్టిక్ అంబర్ కోసం రోమన్ వర్తకులు వచ్చే దారి విస్తులా ప్రాంతం గుండానే పోయేది. దక్షిణాన ఏముందో గోత్‌లకు ఆ దారే చెప్పింది. రెండో శతాబ్దం రెండో సగం నుంచి వీల్‌బార్క్ తీరు సమాధులు విస్తులా వెంబడి పైకి, ఆగ్నేయానికి జరుగుతూ పోతాయి. మూడో శతాబ్దానికి నల్ల సముద్రానికి ఉత్తరాన, నేటి ఉక్రెయిన్, మోల్డోవా, రొమేనియా నేలల్లో చెర్న్యాఖివ్ అనే కొత్త సంస్కృతి కనిపిస్తుంది. కీవ్ దగ్గరి ఒక ఊరు దానికా పేరిచ్చింది.

అక్కడ ఒకే ఊళ్ళో రెండు రకాల ఇళ్ళు ఉంటాయి. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండే పొడుగాటి ఉత్తరాది ఇల్లు ఒకటి, నేలలోకి తవ్వుకున్న గుడిసె ఒకటి. చక్రం మీద చేసిన చక్కటి బూడిదరంగు కుండలు, కొమ్ములో చెక్కిన దువ్వెనలు దొరుకుతాయి. సర్మేషియన్లు, డేసియన్లు, ఇంకా ఎందరో అక్కడ కలగలిసి బతికారు. అందులో గోత్‌లది పైచేయి. ఇక్కడ కూడా పేరు ఒకరిదే, మనుషులు మాత్రం అనేకులు.

రోమ్‌తో మొదటి పరిచయం దోపిడీతోనే. 238లో హిస్ట్రియా పట్టణాన్ని కొల్లగొట్టారు. 251లో, నేటి బల్గేరియాలోని అబ్రిట్టస్ దగ్గర బురదనేలలో క్నివా అనే నాయకుడు డేసియస్ చక్రవర్తిని చంపాడు. పరాయి శత్రువుతో యుద్ధంలో చనిపోయిన తొలి రోమన్ చక్రవర్తి ఆయనే. తర్వాత పడవల్లో నల్ల సముద్రం దాటి ఆసియా మైనర్ పట్టణాల మీద పడ్డారు, అక్కడి నుంచి బందీలను తెచ్చుకున్నారు. ఆ బందీల మనవడొకడు గోత్‌ల చరిత్రకు చేసిన మేలు తర్వాత చెబుతాను.

332లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తితో సంధి కుదిరింది. డాన్యూబ్ నది పొడవునా వర్తకం తెరుచుకుంది. అక్కడి నుంచి రెండు తరాల పాటు నదికి దగ్గరగా ఉన్న గోత్‌లు పొలాలు దున్నుకుంటూ బతికారు. గోత్‌లంటే ఎప్పుడూ బండ్లెక్కి తిరిగే సంచారులని అనుకోవడం తప్పు. నూరేళ్ళకు పైగా ఒకే నేలను సాగు చేసిన రైతులు వాళ్ళు.

డాన్యూబ్ ఒడ్డున ఏం జరిగింది?

370ల్లో తూర్పు మైదానాల నుంచి హూణులు వచ్చారు. గోత్‌లలో తూర్పున ఉన్న గ్రూథుంగి తెగ రాజు ఎర్మనారిక్, రాబోయేది తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడు. పడమటి తెర్వింగి తెగ నాయకుడు అథనారిక్ ద్నీస్తర్ నది దగ్గర నిలువరించాలని చూశాడు, కుదరలేదు. 376లో వేలాది కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని డాన్యూబ్ ఉత్తరపు ఒడ్డుకు చేరాయి. వెనక హూణులు, ఎదుట నది.

వాళ్ళ నాయకులు అలావివస్, ఫ్రిటిగెర్న్. తమను లోపలికి రానివ్వమని, బదులుగా సైన్యంలో పనిచేస్తామని వాలెన్స్ చక్రవర్తికి కబురు పంపారు. ఆయన అప్పుడు సిరియాలోని ఆంటియోక్‌లో, పర్షియన్ల గొడవలో ఉన్నాడు. ఊరికే వచ్చే సైనికులు దొరుకుతారని ఆయన ఆస్థానం సంతోషించి అనుమతి ఇచ్చింది.

నది దాటడం రాత్రింబవళ్ళు సాగింది. పడవలు, తెప్పలు, లోపల తొలిచిన చెట్ల మానులు ఏవి దొరికితే వాటి మీద దాటారు. వానలకు డాన్యూబ్ పొంగి ఉంది. ఈదబోయి మునిగిపోయినవాళ్ళు ఎందరో. వస్తున్నవాళ్ళను లెక్కపెట్టడానికి పెట్టిన గుమాస్తాలు కాసేపటికి చేతులెత్తేశారు. ఇదంతా రాసినవాడు అమియానస్ మార్సెల్లినస్. ఆయన స్వయంగా రోమన్ సైన్యంలో పనిచేశాడు, గోత్‌ల మీద ఆయనకు ప్రేమేమీ లేదు. అందుకే తర్వాత ఆయన చెప్పింది నేను నమ్ముతాను.

అవతలి ఒడ్డున వాళ్ళ బాధ్యత లూపిసినస్, మాక్సిమస్ అనే ఇద్దరు అధికారులది. వచ్చినవాళ్ళకు తిండి లేదు. ఈ ఇద్దరూ ఆ ఆకలిలో వ్యాపారం చూసుకున్నారు. ఎక్కడెక్కడి కుక్కల్నీ పట్టించి, ఒక్కో కుక్కకు ఒక్కో మనిషిని బానిసగా తీసుకున్నారు. ఆ బానిసల్లో గోత్ పెద్దల బిడ్డలు కూడా ఉన్నారు. ఒక తల్లి ఆ బేరం ఒప్పుకునేటప్పుడు ఏమనుకుని ఉంటుందో అమియానస్ రాయలేదు. మిగిలిన పిల్లల్ని బతికించుకోవడానికి ఒకరిని వదులుకుందని మనం ఊహించగలం. సామ్రాజ్యాలు ఎందుకు కూలుతాయని పెద్ద పెద్ద సిద్ధాంతాలున్నాయి. నన్నడిగితే ఆ బేరం జరిగిన చోటే రోమ్‌కు బీట పడింది.

తర్వాత వాళ్ళను మార్సియానోపుల్ పట్టణానికి నడిపించారు. లూపిసినస్ ఇద్దరు నాయకుల్ని విందుకు పిలిచాడు. లోపల విందు నడుస్తోంది, బయట జనం గోడల దగ్గర నిలబడి, డబ్బిచ్చి తిండి కొనుక్కుంటాం లోపలికి రానివ్వమని బతిమాలుతున్నారు. సైనికులు అడ్డుపడ్డారు, కొట్లాట మొదలైంది. కబురు తెలిసి లూపిసినస్ నాయకుల అంగరక్షకుల్ని చంపించాడు. తాను బయటికి వెళ్తే తప్ప జనం శాంతించరని చెప్పి ఫ్రిటిగెర్న్ తప్పించుకుని గుర్రమెక్కాడు. అలావివస్ పేరు ఆ రాత్రి తర్వాత చరిత్రలో మళ్ళీ వినిపించదు.

378 ఆగస్టు 9న ఆడ్రియానోపుల్ దగ్గర మండుటెండలో, ఆకలితో దాహంతో నడిచి వచ్చిన రోమన్ సైన్యం గోత్‌ల బండ్ల వలయాన్ని ఢీకొంది. మేతకు వెళ్ళిన గోత్ గుర్రపు దళం సరిగ్గా అప్పుడే తిరిగొచ్చింది. రోమన్ సైన్యంలో మూడింట రెండొంతులు నేలకొరిగింది. వాలెన్స్ శవం కూడా దొరకలేదు. 382లో కొత్త చక్రవర్తి థియోడోసియస్ సంధి చేసుకుని, గోత్‌లకు సామ్రాజ్యం లోపలే నేల ఇచ్చాడు. రెండేళ్ళ ముందు కుక్క మాంసానికి పిల్లల్ని అమ్ముకున్నవాళ్ళు ఆడ్రియానోపుల్‌లో గెలిచిన సైన్యం అయ్యారు.

అలారిక్ నిజంగా కోరుకున్నదేమిటి?

394లో థియోడోసియస్ తన పోటీదారుతో ఫ్రిగిడస్ నది దగ్గర యుద్ధం చేసినప్పుడు గోత్‌లను ముందు వరసలో నిలబెట్టాడు. వేలల్లో చనిపోయారు. మరుసటి ఏడే చక్రవర్తి పోయాడు, గోత్‌లు అలారిక్ వెనక చేరారు. 408లో ఇటలీ పట్టణాల్లో రోమన్ సైన్యంలోని పరాయి జాతుల సైనికుల భార్యాబిడ్డలను రోమన్ సైనికులు నరికేశారు. వాళ్ళ మగవాళ్ళు వేల సంఖ్యలో వచ్చి అలారిక్‌తో కలిశారు. మనం విసిగోత్‌లని పిలుచుకునే జనం ఇలా తయారయ్యారు. తెర్వింగి, గ్రూథుంగి తెగల మిగులు, పారిపోయిన బానిసలు, భార్యల్ని పోగొట్టుకున్న సైనికులు కలిసి ఒక జాతి అయ్యారు.

మిరియాలూ బంగారమూ రోమ్ చెల్లించింది. కానీ అలారిక్‌కు కావలసింది వేరే. ఆ తర్వాత బేరాల్లో ఆయన దిగి దిగి వచ్చాడు. చివరికి బంగారం వద్దన్నాడు, పదవి వద్దన్నాడు. నోరికం అనే మారుమూల ప్రాంతంలో నేల, ఏటా కొంత ధాన్యం చాలన్నాడు. రవెన్నాలో భద్రంగా కూర్చున్న హొనోరియస్ చక్రవర్తి అదీ కాదన్నాడు. 410 ఆగస్టు 24న గోత్‌లు రోమ్‌లోకి జొరబడి మూడు రోజులు దోచారు. ఆ తర్వాత ధాన్యం పండే ఆఫ్రికాకు పోదామని దక్షిణానికి నడిచారు. ఓడలను తుఫాను ముంచింది. అదే ఏడు అలారిక్ చనిపోయాడు. బుసెంటో నది నీళ్ళు మళ్ళించి, నదీగర్భంలో ఆయన్ను పూడ్చి, మళ్ళీ నీళ్ళు వదిలారని జోర్డనేస్ రాశాడు.

నేల చివరికి 418లో దక్షిణ ఫ్రాన్స్‌లో దొరికింది. 507లో ఫ్రాంకుల చేతిలో ఓడి, అక్కడి నుంచి స్పెయిన్‌కు జరిగారు. 711లో అరబ్బుల దండయాత్ర దాకా టొలెడో రాజధానిగా ఏలారు. హూణుల కిందే ఉండిపోయిన మరో భాగం, హూణ రాజు అట్టిలా చనిపోయాక విడిపడి, థియోడరిక్ నాయకత్వంలో ఇటలీ చేరింది. 493 నుంచి రవెన్నా వాళ్ళ రాజధాని. వాళ్ళే ఆస్ట్రోగోత్‌లు. 535లో జస్టీనియన్ చక్రవర్తి మొదలుపెట్టిన యుద్ధం ఇరవై ఏళ్ళలో వాళ్ళ రాజ్యాన్ని తుడిచిపెట్టింది.

వాళ్ళ మాట మనకు ఎలా తెలుసు?

ఆసియా మైనర్ బందీల మనవడని చెప్పాను కదా, ఆయన పేరు వుల్ఫిలా. 341 ప్రాంతంలో గోత్‌లకు బిషప్ అయ్యాడు. రాత లేని గోత్ భాషకు గ్రీకు అక్షరాల ఆధారంగా లిపి కూర్చి, బైబిల్‌ను అనువదించాడు. రాజుల యుద్ధాలున్న గ్రంథాలను మాత్రం వదిలేశాడట. తన జనానికి యుద్ధం మీద ఇప్పటికే ఎక్కువ మోజుందని ఆయన భయం. ఆ అనువాదానికి ఆరో శతాబ్దపు ప్రతి ఒకటి స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఉంది. ఊదారంగు చర్మపు ఆకుల మీద వెండి, బంగారు సిరాతో రాశారు. 336 ఆకుల్లో 188 మిగిలాయి.

ఆ ఆకుల్లోని మాటలు చదివితే తెలుగువాడి చెవికి కొన్ని తెలిసినట్టే అనిపిస్తాయి. గోత్ భాషలో విదువో అంటే విధవ. సునుస్ అంటే కొడుకు, సంస్కృతంలో సూను. బ్రోథర్ అంటే భ్రాత. యుక్ అంటే కాడి, సంస్కృతంలో యుగం. మన తెలుగు ద్రావిడ భాష, గోత్ భాషతో చుట్టరికం లేదు. మనం వాడుకునే సంస్కృత పదాలకు ఉంది. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో బంధుత్వం ఉందని ప్రకటించినప్పుడు గోత్ భాషను కూడా ఆ కుటుంబంలోనే చేర్చాడు.

ఇంత తవ్వకం ఎందుకు?

పుట్టుక కథలను ఊరికే వదలరు గనుక. 1434లో బాసెల్ మత మహాసభలో స్వీడన్ బిషప్ లేచి, గోత్‌లు మా దేశం నుంచే వెళ్ళారు కాబట్టి మాకు ముందు వరసలో కుర్చీ కావాలన్నాడు. స్పెయిన్ వాళ్ళు, వెళ్ళిన వీరుల సంతతి మేము, ఇంట్లో కూర్చున్నవాళ్ళ సంతతి మీరని జవాబిచ్చారు. అది మాటలతో పోయింది. 1939లో హిట్లర్ సైన్యం పోలండ్‌ను ఆక్రమించి గ్డినియా రేవు పేరును గోటెన్‌హాఫెన్ అని, గోత్‌ల రేవు అని మార్చింది. అక్కడి పోలిష్ జనాన్ని ఇళ్ళలోంచి వెళ్ళగొట్టింది. రెండు వేల ఏళ్ళ కిందటి సమాధుల్ని చూపించి బతికున్నవాళ్ళ ఊళ్ళు లాక్కున్నారు. ఆ సమాధుల్లో పడుకున్నవాళ్ళు మాత్రం అన్ని చోట్లా పొరుగువాళ్ళతో కలిసి బతికినవాళ్ళే. గోత్ రక్తం అనే స్వచ్ఛమైన పదార్థం ఏ శతాబ్దంలోనూ లేదు.

ఒక చిన్న గుంపు మాత్రం ఎక్కడికీ కదల్లేదు. హూణులు వచ్చినప్పుడు క్రిమియా కొండల్లో ఉండిపోయింది. పదహారో శతాబ్దంలో ఇస్తాంబుల్‌లో ఆస్ట్రియా రాయబారిగా ఉన్న బుస్‌బెక్, క్రిమియా నుంచి వచ్చిన ఇద్దరిని కలిసి, అక్కడి మాటలు కొన్ని అడిగి రాసుకున్నాడు. గోత్‌ల పలుకు గురించి మనకున్న ఆఖరి జాబితా అదే. బ్రో అంటే రొట్టె. హూస్ అంటే ఇల్లు. రేఘెన్ అంటే వాన. మినె అంటే చందమామ. హండా అంటే చెయ్యి. కోర్ అంటే గోధుమ.